దేవుడు క్షమించాడని తెలుసు, కానీ మనసు ఒప్పుకోవట్లేదు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

ప్రశ్న

అందరికీ వందనాలు. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను. కొన్నేళ్ల క్రితం మా ఆఫీసులో లెక్కల్లో పెద్ద తేడా వచ్చింది. తప్పు నాది, సరిచూడకుండా సంతకం పెట్టింది నేనే. విచారణలో నన్ను అడిగితే, ఆ ఫైలు నా కింద పనిచేసే కుర్రాడు చూశాడని చెప్పాను. పూర్తి అబద్ధం కూడా కాదు, ఎందుకంటే ఫైలు అతని టేబుల్ మీదుగానే నా దగ్గరికి వచ్చింది. కానీ నా మాట వాళ్ళు ఎలా తీసుకుంటారో తెలిసే అన్నాను. అతన్ని తీసేశారు. వెళ్ళే రోజు డ్రాయర్ ఖాళీ చేసుకుని, కవరు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చి "పని నేర్పించారు, థ్యాంక్స్ సార్" అని చెప్పి మరీ వెళ్ళాడు. అతనికి ఇప్పటికీ ఏమీ తెలియదు.

ఆ తర్వాత కొంతకాలానికి నేను ప్రభువును తెలుసుకున్నాను, బాప్తిస్మం తీసుకున్నాను. సాక్ష్యంలో నా పాత జీవితం అంతా చెప్పాను గానీ ఈ ఒక్కటి చెప్పలేదు. దేవుని దగ్గర మాత్రం ఒప్పుకున్నాను, ఎన్నిసార్లని లెక్కే లేదు. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" ఆయన క్షమిస్తాడనే 1 యోహాను 1:9 వచనం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ప్రార్థన చేసుకున్నప్పుడు కాసేపు తేలిగ్గా ఉంటుంది, మర్నాటికి మళ్ళీ మొదటికే వస్తుంది. బల్ల (ప్రభువు రాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే ఆదివారం దగ్గరపడితే టెన్షన్. అయోగ్యంగా తింటే శిక్షావిధి అని పాస్టర్ గారు చదువుతుంటే అది నా గురించే చదివినట్టు ఉంటుంది. ఈమధ్య ఆ ఆదివారాలు వాక్యం అయిపోగానే లేచి బయటకు వచ్చేస్తున్నాను. మా ఆవిడ అడిగితే తలనొప్పి అంటున్నాను.

నాకు అసలు క్షమాపణ దొరికిందా? దొరికితే ఈ బరువు ఎందుకు పోవట్లేదు? ఇది పరిశుద్ధాత్ముడు ఒప్పించడమా, సాతాను నిందించడమా, ఎలా తెలుసుకోవాలి? దయచేసి "విశ్వాసం తక్కువ" అని ఒక్క మాటలో తేల్చేయకండి, ఆ మాట నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను.

జవాబు 1

వందనాలు బ్రదర్. మీరు చివర్లో అడిగినవాటి కంటే ముందు బల్ల సంగతి మాట్లాడదాం, ఎందుకంటే అక్కడ మీరు అనవసరంగా ఆకలితో ఉంటున్నారు అనిపించింది.

మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయం మొత్తం ఒకసారి కూర్చుని చదవండి, 27వ వచనం దగ్గర మొదలుపెట్టకుండా 17 దగ్గర మొదలుపెట్టండి. పౌలు ఎవరిని గద్దిస్తున్నాడో 21, 22 వచనాల్లో ఉంది. కలిగినవాళ్ళు ముందే తినేసి తాగి మత్తులై ఉంటే లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. ప్రభువు బల్ల దగ్గరే సంఘంలోని పేదవాడిని అవమానించారు. తన పాపం తలుచుకుని వణికిపోయే మనిషి గురించి కాదు ఆ మాటలు. ఇక 28వ వచనం: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని లేచి వెళ్ళిపొమ్మని ఎక్కడా లేదు, పరీక్షించుకుని తినమనే ఉంది. యోగ్యులకు మాత్రమే అయితే ఆ మొదటి రాత్రి బల్ల దగ్గర ఎవరు మిగిలేవారు? కొన్ని గంటల్లో పారిపోబోయేవాళ్ళకే ఆయన రొట్టె విరిచి ఇచ్చాడు.

నాకు ఈ విషయంలో ఎప్పుడూ గుర్తొచ్చేది యేసు శిష్యులిద్దరు, ఆయన్ని ఎరుగనని బొంకిన పేతురు, ఆయన్ని పట్టించిన యూదా. ఇద్దరూ ఒకే రాత్రి పడిపోయారు, ఇద్దరూ బాధపడ్డారు. ఇంకా చెప్పాలంటే యూదా పేతురు కంటే ఎక్కువే చేశాడు. "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని నోరు తెరిచి ఒప్పుకున్నాడు, ఆ ముప్పై వెండి నాణేలు కూడా వెనక్కి తెచ్చి ఇచ్చాడు. పేతురు బయటికి వెళ్ళి ఏడ్చాడు, అంతే. తేడా ఎక్కడుందంటే యూదా తన ఒప్పుకోలు తీసుకెళ్ళింది ప్రధానయాజకుల దగ్గరికి. వాళ్ళు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. నిజంగానే తన సంగతి తానే చూసుకున్నాడు, ఒంటరిగా. పేతురు మాత్రం మిగతా శిష్యులను వదల్లేదు, ఒడ్డున యేసు కనబడగానే పడవ తీరం చేరేదాకా ఆగలేక నీళ్ళలో దూకాడు.

ఒడ్డున ఏం జరిగిందో యోహాను 21లో చూడండి. ప్రధానయాజకుని ఇంటి ముంగిట నిప్పు దగ్గర చలి కాచుకుంటూ కదా పేతురు బొంకింది, ఇక్కడ కూడా నిప్పులున్నాయి, వాటిమీద చేపలు, రొట్టె ఉన్నాయి. ముందు తినమన్నాడు ప్రభువు. భోజనం అయ్యాకే మాట్లాడాడు. "ఎందుకలా చేశావు" అని అడగలేదు. "నీవు నన్ను ప్రేమించుచున్నావా?" అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ గొర్రెల్ని అప్పగించాడు. మూడోసారి అడిగినప్పుడు పేతురు బాధపడ్డాడని కూడా రాసి ఉంది, అంటే క్షమాపణ అందుతున్న క్షణంలో కూడా నొప్పి ఉంటుంది, ఉండొచ్చు. నొప్పి ఉంది కాబట్టి క్షమాపణ లేదు అనుకోకండి.

ఒప్పించడమా, నిందించడమా అని ఎలా తెలుస్తుందంటే, నాకు తెలిసినంతలో ఆత్మ ఒక పనిని వేలుపెట్టి చూపిస్తాడు, "ఇది నువ్వు చేశావు, ఇటు రా" అంటాడు. నింద మాత్రం "నువ్వే అలాంటివాడివి" అని మనిషి మొత్తాన్ని కొట్టేస్తుంది, వెళ్ళడానికి దారి చూపించదు. మీ పోస్టులో రెండూ కలిసిపోయి ఉన్నాయనిపిస్తోంది.

జవాబు 2

బ్రదర్, దేవుడు ఎప్పుడో క్షమించేశాడు. ఇక మిమ్మల్ని మీరు క్షమించుకోవాలి, మిగిలింది అదొక్కటే. "పడమటికి తూర్పు ఎంత దూరమో ఆయన మన అతిక్రమములను మనకు అంత దూరపరచియున్నాడు" అని 103వ కీర్తన. జరిగిపోయినదాన్ని తవ్వకండి. ముందుకు సాగండి. మీకోసం ప్రార్థిస్తాను.

జవాబు 3

పైన రాసిన సహోదరుడి మంచి మనసు అర్థమైంది గానీ, "మిమ్మల్ని మీరు క్షమించుకోండి" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ సలహా మా సంఘంలో కూడా ప్రతి ఒక్కరూ ఇస్తారు, విన్నవాళ్ళు ఇంకో పని నెత్తిన వేసుకుని ఇంటికి వెళ్తారు, ఎందుకంటే నన్ను నేను క్షమించుకోవడం ఎలాగో ఎవరూ చెప్పరు. బైబిల్లో ఎక్కడా ఆ ఆజ్ఞ లేదు. నష్టపరిచినవాడే తీర్పరి కుర్చీలో కూర్చుని తనను తాను విడుదల చేసుకోవడం ఎలా కుదురుతుంది? అది మన చేతిలో పెట్టని అధికారం. మనకు అప్పగించిన పని ఇంకా చిన్నది, ఇంకా కష్టమైనది కూడా: వేరొకరు ఇచ్చినదాన్ని చెయ్యి చాపి తీసుకోవడం.

ఎందుకు కష్టమంటే, తీసుకునేవాడి దగ్గర చూపించుకోవడానికి ఏమీ ఉండదు. యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు దూరదేశంలో ఒక మాట తయారుచేసుకున్నాడు, లూకా 15:18, 19 చూడండి. పాపం చేశాను, కుమారుడనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. ఇంటికొచ్చాక 21వ వచనంలో చెప్పడం మొదలుపెడతాడు. మొదటి రెండు ముక్కలూ చెప్పాడు. మూడోది, కూలివాడి సంగతి, అతని నోటి నుంచి రాకముందే తండ్రి దాసుల వైపు తిరిగి ప్రశస్తమైన వస్త్రం తెమ్మన్నాడు. ఒప్పుకోలు మొత్తం విన్నాడు, జీతం బేరం మాత్రం విననే లేదు. మనలో చాలామంది ఆ మూడో ముక్క దగ్గరే సంవత్సరాల తరబడి ఉండిపోతాం. ఇంత బాధపడితే, ఇన్ని ఆదివారాలు బల్ల మానేస్తే, ఇంత తక్కువవాడిలా బతికితే కొంతైనా చెల్లిపోతుందేమో అని. బయటికి అది వినయంలాగే కనబడుతుంది. లోపల మాత్రం "సిలువ మీద చేసింది నా విషయంలో సరిపోలేదు, మిగతాది నేను కడతాను" అని అంటున్నాం. కటువుగా చెప్పానేమో, కానీ ఈ మాట నాకు ఒక పెద్దామె చెప్పినప్పుడే కళ్ళు తెరుచుకున్నాయి.

కొలొస్సయులకు 2:14లో పౌలు ఋణపత్రం అంటాడు, దాన్ని మేకులతో సిలువకు కొట్టి, దానిమీద చేవ్రాతను తుడిచివేశాడని. అప్పిచ్చినవాడే పత్రం కొట్టేశాక కూడా నెల నెలా వాయిదా పట్టుకుని అతని గుమ్మం దగ్గర నిలబడితే, అది నిజాయితీ అనిపించుకోదు, అతని మాట నమ్మలేదని అర్థం.

ఇక మనసు ఒప్పుకోవట్లేదు అన్నారు కదా, మొదటి యోహాను 1:9 అంత బాగా వచ్చు అంటున్నారు కాబట్టి అదే పత్రికలో ఇంకో రెండు పేజీలు తిప్పండి. 3:20లో ఉంది, మన హృదయం మనమీద ఏ విషయంలో దోషారోపణ చేసినా దేవుడు మన హృదయం కంటే అధికుడు, సమస్తమూ ఎరిగినవాడు. యోహానుకు తెలుసు ఇలా జరుగుతుందని. విశ్వాసులకే రాశాడు, మీ హృదయం మీమీద నేరం మోపే రోజులుంటాయని. ఆ రోజుల్లో హృదయాన్ని గెలవమని చెప్పలేదు, పై కోర్టు ఉందని చెప్పాడు. "సమస్తమును ఎరిగియున్నాడు" అన్న మాట నన్ను మొదట భయపెట్టేది, ఇప్పుడు అదే ధైర్యం. మీరు ఆ రోజు ఏ ఉద్దేశంతో ఆ మాట అన్నారో ఆయనకు మీకంటే బాగా తెలుసు. అది తెలిసే క్షమించాడు, మోసపోయి కాదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ థ్యాంక్స్. 3వ జవాబు రెండుసార్లు చదివాను. వాయిదాల మాట తగిలింది, నేను చేస్తున్నది అదే. కానీ ఒక సందేహం ఉండిపోయింది. దేవుని దగ్గర పత్రం కొట్టేశారు సరే, ఆ కుర్రాడి దగ్గర? అతనికి నిజంగానే ఉద్యోగం పోయింది, పేరు పోయింది. నేను ఇక్కడ సమాధానంగా, సంతోషంగా పాటలు పాడుకుంటుంటే అతని సంగతేంటి? నాకు శాంతి రావడమే అన్యాయం అనిపిస్తుంది. బహుశా అందుకే దాన్ని రానివ్వట్లేదేమో.

జవాబు 4

మీరు ఇప్పుడు అడిగినదే అసలు ప్రశ్న అండి. ఇంతవరకూ వచ్చిన జవాబులు తప్పని అనను, కానీ అన్నీ దేవుడికీ మీకూ మధ్య సంగతే మాట్లాడాయి. మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. "తవ్వకండి, ముందుకు సాగండి" అన్నది మాత్రం ఇక్కడ సరైన సలహా కాదు, సారీ.

సంఖ్యాకాండము 5:6, 7 చూడండి. ఎవరికైనా నష్టం చేసినవాడు పాపం ఒప్పుకోవాలి, తాను కలిగించిన నష్టం పూర్తిగా అచ్చుకోవాలి, దానికి అయిదో వంతు కలిపి ఆ మనిషికే ఇవ్వాలి. బలి అర్పించడం కూడా వెంటనే తర్వాతి వచనంలో ఉంది. ఒకదాని బదులు ఇంకొకటి చేస్తే సరిపోదు. యేసు కూడా అదే దారిలో ఇంకా గట్టిగా చెప్పాడు, మత్తయి 5:23, 24. బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడినవాడికి, తన సహోదరుడికి తనమీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి మొదట వెళ్ళి సమాధానపడమన్నాడు. గమనించండి, అర్పణ మానేయమనలేదు. తర్వాత వచ్చి అర్పించమన్నాడు. మీరు మాత్రం అర్పణ వదిలేసి బయటికి వెళ్తున్నారు గానీ సహోదరుడి దగ్గరికి వెళ్ళట్లేదు, తలనొప్పి అని చెప్పి ఇంటికి వెళ్తున్నారు. నిష్ఠూరంగా అనట్లేదు. ఆ బరువులో కొంత భాగం నింద కాదు, ఇంకా చేయని పని అని నా ఉద్దేశం.

పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి తీసుకోండి. అతను నాలుగంతలు ఇచ్చాక యేసు అతని ఇంటికి రాలేదు. ముందు వచ్చాడు, పేరు పెట్టి పిలిచి వచ్చాడు, జనమంతా సణుగుతుండగానే వచ్చాడు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అనే మాట ఆ తర్వాత జక్కయ్యకు అంతట అతనికే వచ్చింది. కాబట్టి మీరు ఆ కుర్రాడికి చేసేది దేవుడి దగ్గర క్షమాపణ కొనుక్కోవడానికి కాదు, దొరికింది కాబట్టి ఇప్పుడు నిజం చెప్పేంత ధైర్యం ఉంది కాబట్టి. ఈ వరస తిరగబడితే మళ్ళీ వాయిదాలే. శాంతి రావడం అన్యాయం అన్నారు, నా మటుకు నాకు శాంతి లేకపోవడం వల్లే మీరు ఇన్నేళ్ళూ అతనికి ఫోన్ చేయలేకపోయారనిపిస్తుంది. భయంలో ఉన్న మనిషి తనను తాను కాపాడుకోవడానికే చూస్తాడు.

ఇక ఎలా చేయాలి. నేను ఇలాంటి సందర్భాల్లో ఇద్దరు ముగ్గురి పక్కన కూర్చున్నాను, అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నాను. అతనికి రాసేటప్పుడు మొదటి రెండు వాక్యాల్లోనే నిజం ఉండాలి: తప్పు నాది, నీమీద పడేలా మాట్లాడింది నేను. మీరు ఎంత ఏడ్చారు, బల్ల ఎలా మానేశారు, నిద్ర ఎలా పట్టలేదు, ఇవేవీ అందులో పెట్టకండి, ఎందుకంటే అది చదివినవాడు మిమ్మల్ని ఓదార్చాల్సిన పరిస్థితి వస్తుంది, నష్టపోయినవాడి మీద ఆ పని వేయకూడదు. "ఆ పరిస్థితుల్లో" అనే మాట ఒక్కటి కూడా వద్దు. ఫైలు అతని టేబుల్ మీదుగా వచ్చిందన్న మాట అస్సలు వద్దు. "నన్ను క్షమించు" అని తొందరపెట్టకండి, "నేను క్షమాపణ అడుగుతున్నాను, నువ్వు జవాబు ఇవ్వకపోయినా నేను అర్థం చేసుకుంటాను" అంటే చాలు. తర్వాత మీరు ఏం చేయడానికి సిద్ధంగా ఉన్నారో చెప్పండి: పాత ఆఫీసుకు నిజం రాసివ్వడం, అతని కొత్త ఉద్యోగానికి ఎవరైనా అడిగితే మాట్లాడటం, జీతం పోయిన నెలలకు డబ్బు. ఏది కావాలో అతను చెప్పాలి, మీరు నిర్ణయించొద్దు. ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చేముందు ఒక లాయరును కలవండి, తప్పించుకునే దారి కోసం కాదు, ఏం జరుగుతుందో తెలిసి ఆ పని చేయడానికి.

ఎదుటి మనిషికి ఏమీ తెలియని చోట, చెబితే వాళ్ళ సంసారమో ప్రాణమో చెదిరిపోయే చోట మాత్రం తొందరపడకూడదు, అలాంటి సంగతుల్లో ముందు ఒక పెద్దతో మాట్లాడాలి. మీ విషయం అలాంటిది కాదు. అతనిమీద ఒక తప్పుడు మచ్చ ఉంది, దాన్ని తుడవగలిగింది మీరొక్కరే.

జవాబు 5

నేను కతోలిక విశ్వాసిని, మీ సంఘాల్లో పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే సంస్కారం) లేదని తెలుసు, అయినా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. మా సత్యోపదేశంలో, అంటే మా సభ బోధల పుస్తకంలో, 1459వ పేరా సరిగ్గా 4వ జవాబులో అన్నదే చెప్తుంది. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి, అపవాదు వల్ల పోయిన పేరును తిరిగి నిలబెట్టాలి, గాయపరిస్తే పరిహారం ఇవ్వాలి. పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది గానీ అది చేసిన గందరగోళం అంతటినీ సరిచేయదు అని కూడా అక్కడే ఉంది.

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. మీరు ఈ సంగతి ఇంతవరకూ ఒక్క మనిషి చెవిన కూడా వేయలేదు, మీ భార్యకు కూడా. మనసులోనే ఒప్పుకుని మనసులోనే క్షమాపణ వినాలంటే చాలా కష్టం, రెండు గొంతులూ మనవే కదా. మా దగ్గర మోకాళ్ళూని పేరు పెట్టి ఆ పాపం బయటికి చెప్పాలి, అవతలి నుంచి ఇంకొకరి గొంతులో క్రీస్తు పేరిట విమోచన మాట చెవులతో వింటాం. అక్కడ విన్నది ఫాదర్ గారు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. మీకు ఆ సంస్కారం లేకపోయినా యాకోబు 5:16 మీ బైబిల్లోనూ ఉంది, "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి". నోరు జారని ఒక పెద్దను చూసుకుని, ఎదురుగా కూర్చుని, చెప్పండి. ఆయన్ని మీ పేరు పెట్టి 1 యోహాను 1:9 బయటికి చదవమనండి. మనం చదువుకోవడానికీ, ఇంకొకరు మనకు చదివి వినిపించడానికీ చాలా తేడా ఉంటుంది.

అయితే ఒకసారి చెప్పాక మళ్ళీ మళ్ళీ అదే చెప్పకండి. యేసు సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్‌లోని మోంట్సెరాత్ మఠంలో మూడు రోజులపాటు తన జీవితంలోని పాపాలన్నీ రాసి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత దగ్గర్లోని మన్రేసా ఊళ్ళో ఉన్నప్పుడు, ఏదో ఒకటి మర్చిపోయానేమో, సరిగ్గా చెప్పలేదేమో అన్న బాధ మొదలైంది. మళ్ళీ వెళ్ళి చెప్పేవాడు, మళ్ళీ అదే బాధ. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వచ్చేంత దూరం వెళ్ళింది. దేవుడు జవాబిచ్చేదాకా తిననని ఉపవాసం పట్టాడు, వారం గడిచాక గురువు ఆపమంటే ఆపాడు. చివరికి బయటపడింది ఎలాగంటే, గతంలో ఒప్పుకున్న పాపాలను ఇక మళ్ళీ ఒప్పుకోకూడదని నిర్ణయించుకుని. ఎక్కువ ఒప్పుకుంటే ఎక్కువ శుద్ధి అనుకునేవాళ్ళకు ఆయన జీవితం పెద్ద పాఠం.

జవాబు 6

నేను ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తాను, విశ్వాసిని కూడా. 5వ జవాబు చివర్లో వచ్చిన సంగతిని కొంచెం కొనసాగిస్తాను, ఈ పేజీ చదివేవాళ్ళలో కొందరికి ఇదే అవసరం కావచ్చు.

ప్రశ్న అడిగినవారి విషయంలో నిజంగా ఒక తప్పు ఉంది, నష్టపోయిన మనిషి ఉన్నాడు, చేయాల్సిన పని ఉంది. కానీ కొందరికి అలాంటిదేమీ ఉండదు, లేదా చాలా చిన్నది ఉంటుంది. ప్రార్థనలో ఒక చెడ్డ ఆలోచన మెరుపులా వచ్చి పోతుంది, అది పరిశుద్ధాత్మ దూషణ అయ్యుంటుందేమో, ఇక క్షమాపణ లేదేమో అని పట్టుకుంటుంది. ప్రార్థన మొదటి నుంచి మళ్ళీ చేస్తారు, "సరిగ్గా" వచ్చేదాకా చేస్తారు. పాస్టర్ని అడుగుతారు, ఆయన పరవాలేదంటే గంటో రెండు గంటలో నెమ్మది, మళ్ళీ వేరే పాస్టర్ని అడుగుతారు. ఇది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆ భయంతో మళ్ళీ మళ్ళీ చేసే పనులు) అనే మానసిక జబ్బులో ఒక రకం, మతసంబంధమైన విషయాలను పట్టుకుని వచ్చేది. దీనికి ఇంకా ఎక్కువ ప్రార్థించమని, ఇంకా లోతుగా పరీక్షించుకోమని చెప్తే జబ్బు ముదురుతుంది, ఎందుకంటే ఆ పరీక్షించుకోవడమే జబ్బుకు మేత. దీనికి మంచి చికిత్స ఉంది, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు. భయం కలిగించే ఆలోచనను రానిచ్చి, దానికి జవాబుగా చేసే తంతును కొద్దికొద్దిగా చేయకుండా ఉండటం నేర్పిస్తారు. అవసరమైతే మందులూ ఉన్నాయి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు, వైద్యుడైన లూకా మన సువార్తల్లో ఒకటి రాశాడు.

పరిశుద్ధాత్మ దూషణ గురించి భయపడేవాళ్ళకు ఒక్క మాట. మత్తయి 12లో యేసు ఆ హెచ్చరిక చేసింది, ఒక గుడ్డి, మూగవాడు బాగుపడటం కళ్ళారా చూసి కూడా అది దయ్యాల అధిపతి పని అని చెప్పినవాళ్ళకు. వాళ్ళకు పశ్చాత్తాపం లేదు, భయమూ లేదు. మీకు అంత భయంగా ఉందంటే మీరు ఆ గుంపులో లేరు.

ఇంకొకటి, నింద భారం మోస్తూ "నేను లేకపోతేనే అందరికీ మంచిది" అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా దాన్ని ప్రార్థన అంశంగా మాత్రమే వదిలేయకండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరును కలవండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అలాంటి ఆలోచనలు లేవండి, అడిగినందుకు థ్యాంక్స్. నాది చేయని పనే అని అర్థమైంది. నిన్న రాత్రి మా ఆవిడకు మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ తలనొప్పులు ఇవేనా" అంది, ఆ కుర్రాడి పేరు అడిగింది, అతనికి పిల్లలున్నారా అని అడిగింది. నాకు తెలియదు. అది కూడా తెలుసుకోలేదు నేను.

అతని నంబరు పాత సహోద్యోగి దగ్గర దొరుకుతుంది. రెండు సంగతులు చెప్పండి. ముందు ఆఫీసుకు రాయాలా, అతనికి చెప్పాలా? అతను క్షమించనంటే నేను ఏమనుకోవాలి?

జవాబు 4 రాసినవారు

అతనికే ముందు. ఆఫీసు నుంచో, మూడో మనిషి నుంచో అతనికి ఇది తెలిస్తే రెండోసారి అవమానించినట్టు అవుతుంది. పైగా అతను కొత్త చోట స్థిరపడి ఉండి పాత సంగతి మళ్ళీ లేవడం ఇష్టపడకపోవచ్చు, ఆ హక్కు అతనిది. ఫోన్‌లో కంటే ఉత్తరమో, మెసేజో మంచిది. ఫోన్ అయితే అప్పటికప్పుడు ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, మొహమాటానికి "పర్లేదు సార్" అనేస్తాడు. రాస్తే కోపం రావడానికి కూడా టైము ఉంటుంది.

క్షమించనంటే, అది అతని నిర్ణయం, దాన్ని మార్చడానికి మళ్ళీ మళ్ళీ రాయకండి. రోమా 12:18లో పౌలు అందరితో సమాధానంగా ఉండమంటూనే "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని హద్దు పెట్టాడు, అవతలివైపు మన చేతిలో లేదని ఆయనకు తెలుసు. అతను కాదన్నా మీరు ఇస్తానన్న డబ్బు, రాస్తానన్న కాగితం మాత్రం వెనక్కి తీసుకోకండి, అవి అతను క్షమిస్తే ఇచ్చేవి కావు. దావీదు రాజుకు నాతాను ప్రవక్త "యెహోవా నీ పాపమును పరిహరించెను" అని చెప్పిన రోజు కూడా దావీదు చంపించిన ఊరియా తిరిగి రాలేదు. కొన్ని నష్టాలు ఉండిపోతాయి. దావీదు వాటితోనే బతికాడు, అయినా "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని అడగడానికి వెనకాడలేదు, 51వ కీర్తనలో సిగ్గుపడకుండా ఆనందమే అడిగాడు. మీరూ అడగవచ్చు.

వచ్చే బల్ల ఆదివారానికి అతని నుంచి జవాబు రాకపోయినా మీరు లేచి బయటికి వెళ్ళొద్దు. ఉత్తరం రాశాక ఇక్కడ పెట్టకండి, అందులో అతని వివరాలుంటాయి. మీ పాస్టర్ గారికో, మీ ఆవిడకో చూపించి, ఎక్కడైనా మిమ్మల్ని మీరు సమర్థించుకున్న వాక్యం కనిపిస్తే కొట్టేయమనండి.